కొత్త ఊళ్ళో నమ్మకమైన బార్బర్‌ని ఎంచుకోవడం ఎలా

తలవెంట్రుకలు నెలకు ఒక సెంటీమీటరు, మహా అయితే సెంటీమీటరుంపావు పెరుగుతాయి. మిషన్ జారి ఒక అంగుళం జుట్టు ఎత్తేసిందంటే ఆ గుంట పూడడానికి రెండు, రెండున్నర నెలలు ఆగాల్సిందే. అందుకే పెళ్ళికి ముందురోజో, ఇంటర్వ్యూకి గంట ముందో ఎన్నడూ చూడని షాపులో కుర్చీ ఎక్కకూడదు. ఉద్యోగానికో చదువుకో ఊరు మారితే, ముఖ్యమైన పనేదీ లేని రెండు మూడు వారాలు చూసుకుని అప్పుడు కొత్త చేతిని పరీక్షించండి. ఇక్కడ చెప్పేది మగవాళ్ళ కటింగ్, గడ్డం గురించే. ఆడవాళ్ళ పార్లర్ల లెక్క వేరు.

1. ముందు మీ తల సంగతి మీకు తెలియాలి

నెత్తి, తల వెనక భాగం, మెడ ఫోన్‌తో ఫొటోలు తీయించుకోండి. సుడి ఎక్కడుంది, ఒకటా రెండా? నెత్తిమీదో నుదుటి మూలల్లోనో పలచబడిందా? జుట్టు నిటారుగా నిలబడే రకమా, వంకీలు తిరిగే రకమా? మెడ వెనక వెంట్రుకలు కిందికి పెరుగుతున్నాయా, పక్కకి పోతున్నాయా?

సుడి దగ్గర జుట్టు తన బరువుతోనే పడుకుంటుంది. మిగతా తలతో సమానంగా పొట్టి చేస్తే ఆ బరువు పోయి పిలకలా లేచి నిలబడుతుంది. తెలిసిన బార్బర్ అక్కడ కొంచెం పొడవు వదులుతాడు. తెలియనివాడు లేచిన జుట్టును చూసి ఇంకాస్త కత్తిరిస్తాడు, అది ఇంకాస్త లేస్తుంది. వంకీల జుట్టుకి ఇంకో చిక్కుంది. తడిపినప్పుడు సాగి పొడుగ్గా కనిపించి, ఆరాక పైకి ముడుచుకుంటుంది. తడిగా ఉండగా సరిగ్గా కావలసినంతే ఉంచితే ఇంటికెళ్ళేసరికి పొట్టిదైపోతుంది. అలాంటి జుట్టుకి ఒకటి రెండు సెంటీమీటర్లు అదనంగా వదలమనాలి, లేదా ఆరిన జుట్టు మీదే కత్తెర వేసేవాణ్ణి వెతకాలి.

2. షాపు పేరు అడగొద్దు, పనివాడి పేరు అడగండి

ఆఫీసులోనో హాస్టల్లోనో మీలాంటి జుట్టే ఉన్న మనిషిని చూసుకోండి. ఆయన తల నిన్న కటింగ్ చేయించుకున్నట్టు ఉంటే దాన్నిబట్టి తేల్చలేం. కొత్త కటింగ్ ఎవరిదైనా బాగానే ఉంటుంది, పైగా జెల్ రాసి పంపిస్తారు. పది పదిహేను రోజులైనా ఆకారం చెడకుండా ఉన్న తల కనిపిస్తే అప్పుడడగండి: "ఎవరు చేశారు?" షాపు పేరు చెబితే సరిపోదు. ఏ కుర్చీ, ఏ మనిషి అన్నది కావాలి. చాలాచోట్ల పనివాళ్ళు కమీషన్ మీద పనిచేస్తారు, ఏడాది తిరక్కుండానే షాపు మారతారు. బోర్డు మాత్రం అక్కడే ఉంటుంది.

ఇంటర్నెట్‌లో స్టార్లు చూసి వెళ్ళేవాళ్ళు ఏసీ గురించి, సోఫా గురించి రాసినవి పక్కన పెట్టి, ఒకే పనివాడి పేరు పదేపదే వచ్చిన మాటల్ని చదవాలి.

ఎంచుకోవడానికి సాధారణంగా మూడు రకాలుంటాయి. వీధి చివర రెండు మూడు కుర్చీల షాపు, కంపెనీ బోర్డున్న పెద్ద సెలూన్, యాప్‌లో పిలిస్తే ఇంటికొచ్చే మనిషి. యజమానే కత్తెర పట్టే చిన్న షాపుకే మొదటి ఓటు. ఆయన మారిపోడు, పని చెడితే వీధిలో పేరు పోయేది ఆయనదే. పెద్ద సెలూన్‌లో గుడ్డలు, టిష్యూలు శుభ్రంగా ఉంటాయి కానీ మీ తల ఎవరి చేతికి వస్తుందో చెప్పలేం, ఫేషియల్ అంటగట్టే గొడవ కూడా ఎక్కువ. ఇంటికొచ్చే సర్వీసు మంచాన ఉన్న పెద్దవాళ్ళకి, షాపు చూస్తేనే ఏడ్చే పిల్లలకి బాగు. ఫేడ్ (సైడ్లు కిందికి వచ్చేకొద్దీ సన్నబడి చర్మంలో కలిసిపోయే కటింగ్) లాంటి పనులకు మాత్రం ఇంట్లో వెలుతురు చాలదు.

3. కూర్చోకముందు ఒక కటింగ్ పూర్తిగా చూడండి

అన్నిటికంటే పనికొచ్చే మెట్టు ఇదే, జనం వదిలేసేదీ ఇదే. ఆదివారం పొద్దున వెళ్తే అక్కడి తొందరలో ఏమీ తెలియదు. రెండు రాష్ట్రాల్లోనూ చాలా షాపులు మంగళవారం మూసేస్తారు. బుధ, గురువారాల్లో మధ్యాహ్నం వెళ్ళి పేపరు పట్టుకుని కూర్చుని, వేరేవాళ్ళ తల మీద చెయ్యి ఎలా నడుస్తుందో చూడండి.

మొదట, మాట్లాడుతున్నాడా లేదా అని చూడండి. మంచి బార్బర్ గుడ్డ కప్పేముందే జుట్టులో వేళ్ళు పెట్టి చూసి, "పోయినసారి ఎన్నాళ్ళయింది? సైడ్లు ఎంత?" అని అడుగుతాడు. "మామూలుగానే కదా సార్" అని మిషన్ ఆన్ చేస్తే ఆయనకు తెలిసింది ఒకటే కటింగ్, అది అందరికీ వేస్తాడు.

రెండోది, కత్తెర పని. పైజుట్టుని వరసలుగా విడదీసి, వేళ్ళ మధ్య పట్టి, ముందు కత్తిరించిన వరసను కొలతగా పెట్టుకుని తర్వాతది కత్తిరించాలి. దువ్వెన, కత్తెర రెండూ కలిసి కదలాలి. గాల్లో టకటకమని కత్తెర ఆడించే చప్పుడుకి మోసపోకండి, అది అలవాటు మాత్రమే.

మూడోది, సైడ్లు కలపడం. గార్డు అంటే మిషన్‌కి తగిలించే దువ్వెనలాంటి తొడుగు, నంబరు పెరిగేకొద్దీ జుట్టు పొడుగ్గా మిగులుతుంది. మూడో నంబరు నుంచి ఒకటికి దిగేటప్పుడు మధ్యలో రెండు, ఒకటిన్నర గార్డులు మార్చాలి. మిషన్ పక్కనున్న చిన్న లివర్‌ని జరుపుతూ ఉండాలి. గార్డు దాటవేస్తే తల చుట్టూ గీత మిగులుతుంది. దాన్ని చెరపబోయి పైకి పైకి పోతారు. చివరికి గిన్నె బోర్లించినట్టు పైన కాస్త మిగులుతుంది.

నాలుగోది, పళ్ళ కత్తెర. ఒత్తు జుట్టుని పలచన చేయడానికి అది మంచి సాధనమే, కానీ కుదుళ్ళ దగ్గర వేస్తే లోపలి పొట్టి వెంట్రుకలు పొడుచుకొచ్చి, వారానికల్లా తల ఉబ్బినట్టవుతుంది. మధ్య నుంచి కొసల వైపు వేయాలి. అసలే పలచని జుట్టు మీద వాడుతుంటే లేచి వచ్చేయండి.

చివరగా, రెండు చెవుల పైభాగాన్ని వెనక నిలబడి అద్దంలో పోల్చి చూస్తున్నాడా? చిన్న అద్దం తెచ్చి మెడ వెనక చూపిస్తున్నాడా? కత్తెర కటింగ్‌కి 25 నుంచి 30 నిమిషాలు పడుతుంది. పది నిమిషాల్లో ముగ్గురిని దించుతుంటే అది మిషన్ పని.

4. బ్లేడు, దువ్వెన, గుడ్డ

కటింగ్ బాగా లేకపోతే పెరుగుతుంది. శుభ్రత లేకపోతే వచ్చేవి అంత తేలిగ్గా పోవు. ఎండిన రక్తంలో కూడా హెపటైటిస్-బి వైరస్ కనీసం 7 రోజులు బతికుంటుంది. కంటికి కనపడని గాటు చాలు. ఆ వైరస్‌కి మూడు డోసుల టీకా ఉంది, వేయించుకోని పెద్దవాళ్ళు వేయించుకోవచ్చు. హెపటైటిస్-సికి టీకా లేదు.

మన షాపుల్లో షేవింగ్ కత్తికి సగం బ్లేడు వేస్తారు. కాగితంతో సహా బ్లేడుని మధ్యకి విరిచి ఒక సగం బిగిస్తారు. మిగిలిన సగం కాగితంలో ఉండిపోతుంది. ఆ మిగిలిన సగం నిజంగా వాడనిదా, తుడిచి పెట్టిందా అన్నది మీకు తెలిసే దారి లేదు. కాబట్టి కొత్త బ్లేడు కాగితం మీ ముందే చింపాలి. అడగడానికి మొహమాటమైతే ఐదు బ్లేడుల పాకెట్ జేబులో వేసుకుని వెళ్ళండి. తిరుమల కల్యాణకట్టలో టోకెన్‌తో పాటు బ్లేడు భక్తుల చేతికే ఇస్తారు కదా, అదే పద్ధతి ఇక్కడా పాటించండి. కటింగ్ మాత్రమే అన్నా సరే మెడ వెనక, చెవుల దగ్గర కత్తి పెడతారు, మరిచిపోకండి. బ్లేడు కొత్తదైనా దాన్ని పట్టుకునే క్లిప్పుని స్పిరిట్‌తో తుడవాలి, పాత నురగ ఆ సందులోనే ఉంటుంది.

దువ్వెనలు ముందు సబ్బునీళ్ళతో కడిగి ఆ తర్వాత మందు ద్రావణంలో ఉంచాలి. జుట్టు, నూనె అంటుకునే ఉంటే ఏ మందూ సరిగా పనిచేయదు. సెలూన్లలో కనిపించే నీలం ద్రావణంలో పది నిమిషాలు మునిగి ఉండాలి. నిన్నటి డెటాల్ నీళ్ళ గ్లాసులో ఒకసారి ముంచి తీస్తే ఒరిగేదేమీ లేదు. మిషన్ పళ్ళని తల తలకీ బ్రష్‌తో దులిపి స్పిరిట్ కొట్టాలి, అప్పుడప్పుడూ రెండు చుక్కలు నూనె వేయాలి. నూనె లేని మిషన్ జుట్టుని పీకుతుంది, వేడెక్కి మెడ మీద చురుక్కుమంటుంది.

మెడకి గుడ్డ నేరుగా తగలకూడదు, మధ్యలో టిష్యూ పట్టీ ఉండాలి. అది లేకపోతే మీ సొంత కర్చీఫ్ చుట్టుకోండి. పటిక ముక్క ఇష్టమే కానీ అది పొద్దుట్నించీ ఎందరి గాట్ల మీదో తిరిగి ఉంటుంది. వద్దని చెప్పి స్ప్రే అడగండి. గడ్డానికి బ్రష్ బదులు చేత్తో రాసే క్రీమో జెల్లో వాడమనండి. అందరికీ వాడే పౌడరు పఫ్ కూడా అవసరం లేదు.

కటింగ్ అయిన ఒకటి రెండు వారాలకు మెడ మీదో గడ్డంలోనో గుండ్రని మచ్చ లేచి అంచుల్లో దురద పెడుతుంటే అది తామర కావచ్చు. మెడికల్ షాపులో ఇచ్చే స్టెరాయిడ్ కలిసిన క్రీములు రాస్తే రెండు రోజులు తగ్గినట్టు కనిపించి, తర్వాత మొండిగా తయారవుతుంది. చర్మ డాక్టరుకి చూపించండి.

5. కావలసింది అంకెల్లో చెప్పండి

"మీడియం", "కొంచెం షార్ట్" అన్న మాటలకు ఒక్కొక్కరికీ ఒక్కో అర్థం. గార్డు నంబర్లు నేర్చుకుంటే సగం గొడవ తీరుతుంది. 1 నంబరు అంటే 3 మి.మీ., 2 అంటే 6, 3 అంటే దాదాపు 10, 4 అంటే దాదాపు 13, 8 అంటే 25 మి.మీ. 1 నంబరులో లోపలి చర్మం కనపడుతుంది. ఆఫీసుకి వెళ్ళే మామూలు మనిషికి సైడ్లు 3 లేక 4 క్షేమం.

ఇక్కడే ఒక ఉచ్చుంది. పెద్ద క్లిప్పర్ గార్డుల మీద నంబర్లుంటాయి, గడ్డం ట్రిమ్మర్ చక్రం మీద చాలావరకు మిల్లీమీటర్లుంటాయి. మీరు "రెండు పెట్టన్నా" అంటే క్లిప్పర్‌లో 6 మి.మీ., ట్రిమ్మర్‌లో 2 మి.మీ. వస్తుంది. మిషన్ తల మీద పెట్టకముందే "ఎన్ని మిల్లీమీటర్లు?" అని అడగండి. అనుమానంగా ఉంటే ఒక నంబరు ఎక్కువతో మొదలుపెట్టమనండి. తగ్గించడం ఎప్పుడైనా అవుతుంది.

చెప్పాల్సినవి వరసగా: సైడ్లు ఎంత, ఎంత ఎత్తు వరకు; పైన కత్తెరా మిషనా, ఎన్ని వేళ్ళ వెడల్పు ఉంచాలి; పాపిడి ఏ వైపు; సైడ్‌లాక్స్ చెవిలో ఎంతవరకు; మెడ వెనక ఎలా. మెడ వెనక గీత గీసినట్టు కత్తితో కత్తిరిస్తే ఆ రోజుకి నీటుగా ఉంటుంది కానీ వారానికే గీత కింద కొత్త వెంట్రుకలు మొలిచి మురికిగా కనపడుతుంది. క్రమంగా సన్నబడి చర్మంలో కలిసిపోయేలా చేయమంటే మూడు వారాలు నిలుస్తుంది. మెడ వెనక గట్టి కురుపులు లేచే తత్వం ఉన్నవాళ్ళు అక్కడ కత్తే పెట్టనివ్వకూడదు. నున్నగా గీయడంతో అవి పెరిగి గడ్డ కడతాయి.

ఫొటో చూపించడం మంచిదే. సినిమా హీరోది కాకుండా, బాగా కుదిరినప్పటి మీ తలదే చూపించండి: ముందు, పక్క, వెనక.

హైదరాబాద్ అమీర్‌పేట, కూకట్‌పల్లి వైపు చాలా షాపుల్లో పనివాళ్ళు ఉత్తరాది నుంచి వచ్చినవాళ్ళు. తెలుగు అంతంతమాత్రం. ఈ ముక్కలు సరిపోతాయి: "సైడ్ మే తీన్ నంబర్" (సైడ్లు మూడో నంబరు), "ఊపర్ సిర్ఫ్ కైంచీ" (పైన కత్తెర మాత్రమే), "పీఛే లైన్ మత్ మారో" (వెనక గీత గీయొద్దు), "కలం ఇత్‌నా హీ" (కలం ఇంతే) అని వేలితో చూపించండి. కలం అంటే సైడ్‌లాక్స్.

గడ్డం ఉన్నవాళ్ళకి ఒకే జాగ్రత్త. కంఠమణికి పైన రెండు వేళ్ళ దూరంలో కింది గీత ఉండాలి. దవడ అంచు దాకా ఎత్తేస్తే గడ్డం కింద కండ వేలాడినట్టు కనిపిస్తుంది. షేవింగ్ అయితే వెంట్రుక పెరిగే వైపే గీయమనండి. నున్నగా రావాలని ఎదురు గీస్తే వంకీ వెంట్రుకలు చర్మంలోకే తిరిగి పెరిగి, మూడో రోజుకి ఎర్రని పొక్కులు లేస్తాయి.

6. మొదటిసారి కటింగ్ మాత్రమే

రంగు, స్మూతెనింగ్, ఫేషియల్ ఏదీ మొదటి రోజు వద్దు. "మొహం బాగా ట్యాన్ అయింది సార్, డీ-ట్యాన్ వేద్దామా?" అన్నది అన్ని తలలకూ చెప్పే మాటే, బాధపడకండి. గోడ మీద ధరల పట్టీ చూసి, కూర్చోకముందే మొత్తం ఎంతవుతుందో అడగండి. పెద్ద సెలూన్లలో జీఎస్టీ అదనం, 2025 సెప్టెంబరు 22 నుంచి అది 18 నుంచి 5 శాతానికి తగ్గింది. పాత శాతమే వేస్తే బిల్లు చూపించి అడగొచ్చు. ఎప్పుడైనా రంగు వేయించుకోవాలనుకుంటే 48 గంటల ముందు చెవి వెనకో మోచేతి మడతలోనో కొంచెం రాయించుకుని చూసుకోవాలి. నల్ల రంగుల్లో ఉండే పీపీడీ అనే రసాయనం పడనివాళ్ళకు మొహమంతా వాచిపోతుంది.

హెడ్ మసాజ్ హాయిగానే ఉంటుంది. చివర్లో మెడ టక్కుమనిపించడం మాత్రం వద్దనండి, చెయ్యి గడ్డం కిందికి రాగానే వద్దనండి. మెదడుకి రక్తం తీసుకెళ్ళే ధమనుల్లో రెండు మెడ ఎముకల రంధ్రాల గుండా పోతాయి. ఒక్కసారిగా తిప్పితే వాటి లోపలి పొర చిరిగి, అక్కడ గడ్డకట్టిన రక్తం మెదడుకి చేరి పక్షవాతం రావచ్చు. 2017లో ఢిల్లీ ప్రాంతంలో ఒకాయనకు బార్బర్ మెడ విరిచాక ఊపిరికి తోడ్పడే నరాలు దెబ్బతిన్న సంగతి వార్తల్లో వచ్చింది. జుట్టు కడిగే బేసిన్ మీద మెడ బాగా వెనక్కి వాల్చి ఎక్కువసేపు ఉంచడం కూడా ప్రమాదమే. 2022లో హైదరాబాద్‌లో ఒకావిడకు పార్లర్‌లో అలాగే పక్షవాతం వచ్చింది. మసాజ్ తర్వాత తల తిరగడం, రెండుగా కనపడటం, మాట తడబడటం, ఎప్పుడూ లేనంత మెడనొప్పి ఉంటే పడుకుంటే తగ్గుతుందిలే అనుకోకుండా ఆసుపత్రికి వెళ్ళాలి.

7. ఇంటికెళ్ళి చూసుకోవడం, సరిచేయించుకోవడం

షాపులో జెల్, పౌడరు, అద్దం ముందు లైట్లు కలిసి తప్పుల్ని దాస్తాయి. తలస్నానం చేసి, ఆరనిచ్చి, దువ్వకుండా చూడండి. రెండు కణతల దగ్గర జుట్టుని రెండు వేళ్ళతో పట్టి లాగి, పొడవు సమానమా అని పోల్చండి. వెనక ఫొటో తీయించి ఒకటో మెట్టులో తీసిన ఫొటో పక్కన పెట్టండి.

చెవి మీద కుచ్చు మిగలడం, సైడ్‌లాక్స్ ఎగుడుదిగుడు, సైడ్లలో సన్నని గీత, ఇవి ఐదు నిమిషాల్లో సరిపోయేవి. రెండు మూడు రోజుల్లోపు అదే మనిషి దగ్గరికి వెళ్ళి "అన్నా, ఈ పక్క కొంచెం ఎక్కువుంది, చూడవా" అంటే ఎక్కువమంది డబ్బు తీసుకోకుండానే చేస్తారు. ఆ మాటకి మొహం ఎలా పెట్టాడన్నదే అసలు పరీక్ష. విసుక్కుంటే అక్కడితో సరి. మిషన్ గుంట పడితే మాత్రం ఎవరూ ఏమీ చేయలేరు. చుట్టూ ఆ ఎత్తుకే తగ్గించడం తప్ప దారి లేదు, పైన ముట్టుకోనివ్వకండి.

రెండు వారాల తర్వాత ఇంకోసారి చూడండి. అప్పటికి చెవుల పైన గొడుగులా విచ్చుకుందా, సుడి లేచిందా, దువ్వకపోయినా పడుకుంటోందా? బాగుంటే మళ్ళీ వెళ్ళి, ఈసారి గడ్డం కూడా ఇవ్వండి. మూడోసారికి మీరు అంకెలు చెప్పక్కర్లేకుండానే ఆయన మొదలుపెడితే మనిషి దొరికినట్టే. సైడ్లు చిన్నగా ఉన్న ఫేడ్‌కి మూడు వారాలు, కత్తెర కటింగ్‌కి ఐదారు వారాలు గడువు పెట్టుకోండి.

ఆయన పేరు అడిగి పేరుతోనే పిలవండి, ఫోన్ నంబరు షాపుది కాకుండా ఆయనదే తీసుకోండి. రేపు ఇంకో సందులో కుర్చీ వేసుకుంటే అక్కడికే వెళ్ళొచ్చు. ఆయన ఊరెళ్ళిన వారంలో కటింగ్ తప్పదనుకుంటే పక్క కుర్చీ మనిషి చేత సైడ్లు, మెడ మాత్రమే చేయించుకుని, పైజుట్టు ఆయన వచ్చేదాకా అట్టిపెట్టండి.